అవ్వ రెండోసారి అడిగిన మాట

మా నాయనకి ఒక కథ ఉంది. ఇంటికి ఎవరొచ్చినా సరే, మాట పాల మీదికో మిఠాయిల మీదికో మళ్లిందంటే కుర్చీలో కొంచెం ముందుకి జరిగి మొదలుపెడతాడు. "మా అమ్మకి జున్నంటే ప్రాణం. ఆ జున్ను పిచ్చితో ఒక దూడ ప్రాణం తీసేసింది" అంటాడు. వచ్చినవాళ్లు ముందు అయ్యో అంటారు, తర్వాత నవ్వుతారు, ఎందుకంటే నాయన దాన్ని నవ్వించేలాగే చెప్తాడు. చీర మీద మగవాళ్ల కోటు, కాళ్లకి రబ్బరు బూట్లు వేసుకున్న ముసలావిడ జార్జియా మట్టిలో పాలచెంబు పట్టుకుని నడిచే తీరు అభినయించి చూపిస్తాడు. ఎనభై మూడేళ్ల మనిషికి అంత హుషారు ఎక్కడిదా అని వాళ్లకి ముచ్చట. నేను వంటగదిలో కాఫీ కలుపుతూ వింటాను. ఆ కథలో ఆవు ఉంది, దూడ ఉంది, వాన ఉంది, మా అవ్వ ఉంది. నేను మాత్రం లేను. ఎందుకు లేనో నాకొక్కదానికే తెలుసు కాబట్టి, తేలు కుట్టిన దొంగలాగా చక్కెర ఎన్ని చెంచాలని అడిగి ఊరుకుంటాను. దాదాపు నలభై ఏళ్లుగా ఇదే నా పని.

ఆ కథ జరిగిన పొలంలో మేము ఉన్నప్పుడు, అమెరికాలో అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టా ఇప్పటి అల్ఫారెట్టా కాదు. ఆఫీసు అద్దాలు లేవు, గుడులు లేవు, దోసె బండ్లు అసలే లేవు. ఊరికి ఉత్తరాన, దేవదారు చెట్ల మధ్య పన్నెండు ఎకరాలు, తెల్ల రంగు ఊడిపోతున్న చెక్క ఇల్లు, వెనక ఒక కొట్టం. నాయన రంగుల కంపెనీ ప్రయోగశాలలో కెమిస్టు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఇద్దరూ పొద్దున్నే చెరో కారులో పోయేవాళ్లు. అలాంటి వాళ్లకి ఆవులెందుకయ్యా అంటే, నాయన ఒక ఆదివారం ఏదో సంతకి వెళ్లి అక్కడ నడుం ఎత్తు కూడా లేని నల్లటి ఆవుని చూశాడు. డెక్స్‌టర్ అన్నారట దాన్ని. ఐర్లండు జాతి. నాయన పుట్టింది పుంగనూరు పక్కన. ఆ పొట్టి ఆవుల మధ్య పెరిగిన మనిషి. తన చిన్నతనం కళ్ల ముందుకొచ్చి గడ్డి నములుతుంటే ఆగలేకపోయాడు. ఏడాది తిరిగేసరికి మా కొట్టంలో నాలుగు డెక్స్‌టర్లు, ఇంట్లో అవ్వ. అవ్వని ఊరినుంచి పిలిపించింది ఆవుల కోసమే అని అమ్మ దెప్పేది. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

అవ్వ వచ్చిన మొదటి రోజు కొట్టంలోకి వెళ్లి, ఆవు చుట్టూ ఒకసారి తిరిగి, వీపు మీద చెయ్యి వేసి వెతికి, "మూపురం యాడబోయిందిరా?" అని నాయనని అడిగింది. ఈ జాతికి ఉండదమ్మా అంటే నమ్మలేదు, ఎవరో మోసం చేసి కట్టబెట్టారని వారం రోజులు సణిగింది. ఆ తర్వాత వాటిని తనవి చేసుకుంది. మల్లి, నల్లమ్మ, అప్పటికింకా దూడే అయిన సీతాలు, ఇలా నాలుగింటికీ పేర్లు పెట్టింది. ఇంగ్లీషు తప్ప వినని ఆవులు నెల రోజుల్లో చిత్తూరు తెలుగు నేర్చుకున్నాయి. "బా" అంటే వచ్చేవి, "తిరుగు" అంటే తిరిగేవి. నేనూ అంతే. ఆరేళ్లప్పుడు ఈ దేశానికొచ్చి బడిలో తెలుగు పోగొట్టుకుంటున్నదాన్ని, మళ్లీ ఆ కొట్టంలోనే సంపాదించుకున్నాను. ఈరోజు నేను ఈ నాలుగు అక్షరాలు రాస్తున్నానంటే అవ్వ పెట్టిన భిక్ష. ఎండుగడ్డి బేళ్ల మీద కూర్చుని బొగ్గుముక్కతో చెక్కగోడ మీద రాసి చూపించేది. చూడావు, తొలిచూలు, పొదుగు చెయ్యడం, చేపడం, మాయ పడడం లాంటి మాటలన్నీ నాకు బడిలో పాఠాల కంటే ముందొచ్చాయి.

అవ్వ రోజు తెల్లవారకముందే మొదలయ్యేది. ముందు కాఫీ, అందులో బెల్లం. తర్వాత నాయన పాత చలికోటు చీర మీద తొడుక్కుని, కొంగు తలకి చుట్టుకుని కొట్టంలోకి. అక్కడ తడి గడ్డి వాసన, పేడ వాసన, ఆవుల ఊపిరి వెచ్చదనం, అవ్వ నోట్లో వక్కపలుకు వాసన, అన్నీ కలిసి ఒకే వాసన. ఇప్పటికీ ఏ పశువుల కొట్టం దగ్గరికి వెళ్లినా వక్క వాసన ఎందుకు లేదా అని నా ముక్కు వెతుక్కుంటుంది. పాలు పితికేటప్పుడు అవ్వ మాట్లాడేది కాదు, మమ్మల్నీ మాట్లాడనిచ్చేది కాదు. అప్పటికే ఆమె కళ్లలో పొర. దూరంగా ఉన్నది మసక. అందుకని చూపు పనులన్నీ నావి, చేతి పనులన్నీ ఆమెవి. "నువ్వు చూడు, నేను చేస్తా" అనేది. అలా మా ఇద్దరిదీ కలిపి ఒక మనిషి పని.

వసంతం వస్తే ఆవులు ఈనే కాలం. అప్పుడు అవ్వకి ఒక చట్టం ఉండేది, దాన్ని అమ్మానాన్నలు కూడా దాటకూడదు. ఈనిన ఆవు మొదటి పాలు ముర్రుపాలు. అవి ముందు దూడవి. దూడ కడుపునిండా కుడిచాక, తల్లికి బెల్లం ముద్ద పెట్టాక, అప్పుడు మనం రెండు చన్నులు మాత్రమే పితుక్కోవాలి. మిగతా రెండూ దూడకే. ఆ పాలతో జున్ను వండి, దేవుడికి చూపించి, పదిమందికీ పంచాలి. ముర్రుపాలు దాచుకున్న ఇల్లు ముందుకి రాదని ఆమె నమ్మకం. ఇక కుడవడమంటే ఏమిటో కూడా ఖచ్చితంగా చెప్పేది. "మూతి పెట్టేది వేరు మే, కుడిచేది వేరు. గొంతు కదలాల. మూతి పక్కన నురగ రావాల. తోక ఆడాల. ఈ మూడూ చూసినాకనే కుడిచిందని నాకు చెప్పు." చూసి చెప్పడం నా పని కాబట్టి ఈ మూడూ నాకు కంఠతా వచ్చు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

ఆ రోజుల్లో అట్లాంటా చుట్టుపక్కల తెలుగు ఇళ్లు కొన్నే. శుక్రవారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో చేరేవాళ్లం. పెద్దలు పైన, పిల్లలు కింద బేస్‌మెంట్‌లో. ఆ పిల్లల్లో లత అని ఒకమ్మాయి ఉండేది. నా వయసే, నాకంటే బాగా మాట్లాడేది, ఎక్కువగా వాళ్లింట్లోనే అందరికీ ఆట. నేను మెట్లు దిగగానే ముక్కు మూసుకునేది. ఒక్క మాట అనేది కాదు, ముక్కు మూసుకునేది అంతే, మిగతావాళ్లు నవ్వేవాళ్లు. నేను ఎంత సబ్బు రుద్దుకున్నా, అమ్మ సెంటు కొట్టుకున్నా లాభం లేదు. ఆవులవాళ్లమ్మాయిని. కానీ ఏడాదికి మూడు నాలుగు రోజులు మాత్రం లోకం తలకిందులయ్యేది. జున్ను పాలు తెచ్చామని తెలియగానే ఆంటీలు గుమ్మంలోకి ఎదురొచ్చేవాళ్లు. ఊరొదిలి ఏళ్లయిన వాళ్లు, ఆ డబ్బా మూత తీసి వాసన చూసి కళ్లు తుడుచుకునేవాళ్లు. లతావాళ్లమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. లత కూడా గిన్నె చాపేది. ఆ ఒక్క సాయంత్రం కోసం నేను చెయ్యని మొక్కు లేదు.

నాకు పదమూడేళ్లప్పటి మాట. బడికి వసంతం సెలవులు. శుక్రవారం తెల్లవారుతూనే సీతాలు ఈనింది. దానికి తొలిచూలు. పెయ్యదూడ, తల్లిలాగే నలుపు, నుదుట మాత్రం వేలిముద్రంత తెలుపు. అవ్వ దాన్ని గడ్డితో తుడిచి, డెక్కలు గిల్లి, నిలబెట్టి, మాయ పడేదాకా ఉండి, పదిగంటల వేళ లోపలికి బయలుదేరింది. తలంటుకుని పూజ చేసుకోవాలి ఆమె. అమ్మానాన్నలు అప్పటికే పనికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే లతావాళ్లింట్లో కలుసుకోవడం. "దూడ లేస్తా ఉండాది. నువ్వు ఈడనే ఉండి చూడు. కుడవకపోతే నన్ను పిలువు, మూతికి చన్ను అందిద్దాము" అని చెప్పి వెళ్లింది. కొట్టం వెనక సన్నగా వాన. నేను కాసేపు చూశాను. దూడ తల్లి ముందుకాళ్ల దగ్గర వెతికింది, గంగడోలు చీకింది, గోడని చీకింది. పొదుగు దగ్గరికి ఒకసారి వచ్చి మూతితో పొడిచింది, సీతాలు కాలు విదిల్చింది, దూడ పక్కకి పడింది. తర్వాత మళ్లీ ప్రయత్నించలేదు.

నేను ఇంట్లోకి వెళ్లాను. అవ్వని పిలవడానికి కాదు. సాయంత్రానికి వేసుకోవాల్సిన గౌను ఇస్త్రీ చేసుకోవడానికి. ఇస్త్రీ చేస్తూ అద్దంలో చూసుకుంటూ, మెట్లు దిగేటప్పుడు లతతో ఏం మాట్లాడాలో రెండుమూడు రకాలుగా అని చూసుకున్నాను. గంట గడిచింది. మళ్లీ కొట్టానికి వెళ్లేసరికి దూడ గడ్డిలో ముడుచుకుని పడుకుని ఉంది. నిండుగా తాగి నిద్రపోయిన దూడ కూడా అలాగే పడుకుంటుంది కదా అనుకున్నాను. అనుకోవడానికి ఆ మాట బాగుంది. అప్పుడే అవ్వ తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, ఇత్తడి చెంబుతో వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, "కుడిచిందా మే?" అని అడిగింది. కుడవలేదంటే ముందు దూడకి నేర్పించాలి. తొలిచూలు ఆవు తన్నుతుంది, దూడ మొరాయిస్తుంది, మధ్యాహ్నం దాటిపోతుంది, దూడకి నిండేసరికి ఇక సాయంత్రానికి జున్ను లేదు. ఇదంతా నాకు క్షణంలో లెక్కకొచ్చింది. కుడిచింది అవ్వా అన్నాను.

అవ్వ సీతాలుకి బెల్లం పెట్టి, పొదుగు కడిగి, కూర్చుంది. ఎడమవైపు రెండు చన్నులు పట్టుకుంది. పితకలేదు. వేళ్లు అక్కడే ఆగాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏదో నలిపి, చీర కుచ్చిళ్లకి తుడుచుకుంది. తర్వాత తల ఎత్తి, సరిగ్గా కనబడకపోయినా నా వైపే చూస్తూ, "నిజంగా కుడిచిందా మే?" అంది. ముసలివాళ్లు అడిగిందే అడుగుతారని అప్పట్లో నాకు విసుగు. ఆ విసుగులోనే, ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, ఒక తెలివైన అబద్ధం వచ్చింది. "ఆ పక్కవి కుడిచింది అవ్వా, కుడివైపువి. నురగ కూడా వచ్చింది" అన్నాను. నురగ మాట చెప్పగానే అవ్వ మొహం తేలికపడింది. సరే అయితే అని పితకడం మొదలుపెట్టింది. చిక్కటి పసుపు పాలు, చెంబులో శబ్దం కూడా సరిగా రానంత చిక్కన. చట్టప్రకారం రెండు చన్నులే పితికింది. మిగతా రెండూ దూడకి వదిలేసింది. దూడ వాటి దగ్గరికి ఇంకా పోలేదని, పోవడం దానికి చేతకాలేదని ఆమెకి తెలియదు.

మూడింటికి ఇల్లంతా జున్ను వాసన. బెల్లం, మిరియాలు, ఏలకులు, ఆవిరి. నాయన పని నుంచి త్వరగా వచ్చాడు. దూడ కుడిచిందా అని అవ్వని అడిగితే, పాప చూసింది అని కాదు, "ఆ, కుడిచింది" అని చెప్పింది. నా మాటని తన మాటగా చేసుకుని చెప్పింది. మేము లతావాళ్లింటికి వెళ్లాం. ఆంటీలు ఎదురొచ్చారు. లత నా గౌను బాగుందని అంది. నేను ఆ సాయంత్రం ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పకుండా ఈ కథ చెప్తే అదొక అబద్ధం అవుతుంది. నేను దూడని ఒక్కసారి కూడా తలుచుకోలేదు. రెండోసారి జున్ను వడ్డించుకున్నాను.

శనివారం పొద్దున్న దూడ లేవలేదు. దాని నోట్లో వేలు పెట్టి అవ్వ నోరు చల్లగా ఉందని చెప్పింది. నాయన సీసాతో పాలు పట్టాడు, సగం పక్కలనుంచి కారిపోయాయి. అమ్మ దుప్పట్లు వెచ్చచేసి కప్పింది. పశువుల డాక్టరు వచ్చి, ముర్రుపాలు పుట్టిన కొద్ది గంటల్లోనే పడాలని, ఆ వేళ దాటిపోయిందని చెప్పి వెళ్లాడు. ఆదివారం మధ్యాహ్నం, వాన వెలిసి ఎండ వచ్చిన తర్వాత, దూడ పోయింది. నాయన దాన్ని దేవదారు చెట్ల కింద పూడ్చి వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా అవ్వ ముందు నిలబడ్డాడు. నేను తలుపు పక్కన ఉన్నాను. "జున్ను కోసం దూడ నోటి దగ్గరి పాలు లాక్కున్నావమ్మా. ఇంక నువ్వు కొట్టంలోకి పోవద్దు" అన్నాడు. నాయన అవ్వతో గొంతు పెంచి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. అప్పుడు కూడా పెంచలేదు.

అవ్వ నా వైపు చూసింది. ఎంతసేపో కాదు, ఒక్క క్షణం. అప్పుడు ఆమె ఒక్క మాట అంటే సరిపోయేది: పాపే చెప్పింది కుడిచిందని. అంటుందని నేను గోడకి అతుక్కుపోయి ఎదురుచూశాను. అనలేదు. "అవున్లే నాయనా" అంది, అంతే. నేను రేపు చెప్తాననుకున్నాను. రేపు బడి. ఎల్లుండి చెప్తాననుకున్నాను. వారం గడిచాక చెప్పడం మొదటి రోజు కంటే కష్టమైంది, నెల గడిచాక ఇంకా కష్టమైంది. గోటితో పోయేదానికి గొడ్డలి కావాలంటారు కదా, నాకు ఆ తర్వాత గొడ్డలి కూడా చాలలేదు.

కొట్టానికి పోవద్దన్న మాటని నాయన నాలుగు రోజుల్లో మరిచిపోయాడు. అవ్వ మరవలేదు. పొద్దున్నే లేచేది, కాఫీ తాగేది, కోటు తొడుక్కునేది, వంటగది కిటికీ దగ్గర కూర్చునేది. పాలు పితికే పని నాయన నెత్తిన పడింది. ఆఫీసుకి ముందు అంత పని చేతకాక ఏడాదిన్నరలో ఆవుల్ని ఒక్కొక్కటిగా తెలిసినవాళ్ల పొలాలకి ఇచ్చేశాడు. ఈ దేశంలో అవ్వకి ఉన్న ఒకే ఒక్క పని ఆవులు. మాట్లాడే మనుషులు మేం ముగ్గురం, మేం రోజంతా ఉండం. అవి పోయాక ఆమె తెలుగు కూడా తగ్గిపోయింది. ఎవరింట్లోనైనా జున్ను పెడితే, నాకు పడదమ్మా అనేది. నేను కాలేజీలో రెండో ఏడు చదువుతున్నప్పుడు పోయింది. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. కోటు మాత్రం వంటగది తలుపు వెనక అలాగే వేలాడుతోంది.

ఇదంతా నేను రాయకపోయేదాన్ని. ఈ మార్చిలో కీర్తి ఫోన్ చేసింది. కీర్తి లత కూతురు. లత టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో స్థిరపడి మనవల్ని ఎత్తుకుంటోంది. కూతురు మాత్రం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటినుంచి చేసుకుంటూ, మా పాత పొలానికి ఇంకో గంట ఉత్తరాన స్థలం కొని ఆవుల్ని పెట్టింది. ఏ జాతి అంటే డెక్స్‌టర్లట. చిన్నవి, మచ్చికవి, తక్కువ గడ్డి తింటాయి అంటూ నాకే వాటి గుణాలు వివరించింది. ముక్కు మూసుకున్న లత కడుపున ఈ పిల్ల పుట్టడం చూసి నవ్వొచ్చింది. నవ్వి ఊరుకున్నాను, ఇన్నాళ్లూ పిలిచినా వెళ్లలేదు. ఈసారి తప్పించుకోలేకపోయాను. "ఆంటీ, నా హైఫర్ ఫస్ట్ టైమ్ డెలివర్ అయింది. లెవెన్‌కి పెద్ద కాల్ ఉంది, హస్బెండ్ ట్రావెల్‌లో ఉన్నాడు. మీరు కౌస్‌తో పెరిగారు కదా, ఒక్క అవర్ చూస్తారా?" అంది. వెళ్లాను.

వాళ్ల కొట్టం మా ఇంటికంటే శుభ్రంగా ఉంది. మూలమూలనా కెమెరాలు, కీర్తి ఫోన్‌లోకి బొమ్మలు. ఫ్రీజర్‌లో సంచుల్లో ముర్రుపాలు గడ్డకట్టి ఉన్నాయి, తల్లి ఇవ్వకపోతే దూడకి పట్టడానికి గొట్టం కూడా ఉంది. ఊళ్లోని తెలుగువాళ్లకి ఒక వాట్సాప్ గ్రూపు, అందులో జున్ను పాలు కావాలని రాసుకున్నవాళ్ల వరస. ఇప్పుడైతే ఆ దూడ బతికేది. ఎవరు ఎంత అబద్ధం చెప్పినా బతికేది. మా కొట్టంలో కెమెరా నేనే. "కెమెరాలో దాని తోకే కనిపిస్తోంది ఆంటీ, తాగిందో లేదో తెలీట్లేదు. మీరు చూసి టెక్స్ట్ చేయండి" అని చెప్పి కీర్తి లోపలికి పరుగెత్తింది.

దూడ నిలబడి ఉంది. తల్లి పొట్ట కింద మూతి పెట్టి వెతుకుతోంది. నేను ఆ తల్లి పక్కన కూర్చున్నాను. అవ్వ కూర్చునే వైపే కూర్చున్నానని తర్వాత గుర్తొచ్చింది. ఆ ఆదివారం తర్వాత నేను ఏ ఆవునీ ముట్టుకోలేదు, పాలు పితకడం నా చేతులకి అసలు తెలియదు. దూడ నోటికి రుచి తగిలిద్దామని చన్ను పట్టుకుని మెల్లగా లాగాను. పాలు రాలేదు. చన్ను చివర ఏదో గట్టిగా తగిలింది. ఇంకొంచెం నొక్కితే మైనం ముద్దలాంటిది ఊడి, నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యకి వచ్చింది. దాని వెనకే పసుపు చార. నేను దాన్ని నలిపి, ప్యాంటుకి తుడుచుకోబోయి ఆగిపోయాను.

ఈ బిరడా ఊడకుండా ఏ దూడకీ పాలు రావు. కుడిచిన చన్నుకి ఈ బిరడా ఉండదు. అవ్వ వేళ్లకి ఆ రోజు ఇదే తగిలింది. ఆమె రెండోసారి అడిగింది ముసలితనంతో కాదు. అరవై ఏళ్లు పాలు పితికిన వేళ్లు కుడవలేదని చెప్తుంటే, పదమూడేళ్ల పిల్ల కుడిచిందని చెప్తుంటే, ఎవరిని నమ్మాలో తెలియక అడిగింది. నేను అటు పక్కవి అన్నాను. చెయ్యి చాపితే అవ్వకి అటు పక్క చన్నులు అందేవి. చూసుకోలేదు. తన వేళ్లని పక్కనపెట్టి నా మాట తీసుకుంది. ఇన్నాళ్లూ నేను చేసింది ఒక అబద్ధం అనుకున్నాను. అవ్వ నాకు దాన్ని వెనక్కి తీసుకునే దారి చూపించిందని, ఆ దారి నేనే మూసేశానని ఆ కొట్టంలో కూర్చుంటే తెలిసింది. ఏడుపు వచ్చింది. ఆవు తల తిప్పి నన్ను చూసింది.

ఫోన్ మోగింది. కీర్తి మెసేజ్: తాగిందా ఆంటీ? నేను తడి వేళ్లతోనే రాశాను. లేదమ్మా, ఇంకా కుడవలేదు, కాల్ వదిలేసి రా. రెండు నిమిషాల్లో వచ్చింది, చెవిలో ఇయర్‌ఫోన్ అలాగే ఉంది. ఇద్దరం కలిసి నాలుగు చన్నుల బిరడాలూ తీశాం. దూడ గడ్డం కింద వేలు పెట్టి, నోట్లో పాలు పిండి, చన్ను అందించాం. నాలుగుసార్లు వదిలేసింది. అయిదోసారి పట్టుకుంది. గొంతు కదిలింది. తోక ఆడింది. మూతి పక్కన నురగ వచ్చేదాకా నేను కళ్లు ఆర్పలేదు. కుడవలేదు అంటే ఏంటి ఆంటీ అని కీర్తి అడిగింది. చెప్పాను. మూడు గుర్తులూ చెప్పాను.

వచ్చేటప్పుడు, రెండు రోజుల కిందట ఈనిన ఇంకో ఆవు పాలు ఒక సీసా నిండా ఇచ్చింది. ఇంటికొచ్చి జున్ను వండాను. సాయంత్రం నాయనకి గిన్నెలో పెట్టి ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. రెండు చెంచాలు తిని, కుర్చీలో ముందుకి జరిగాడు. వినడానికి నేను తప్ప ఎవరూ లేకపోయినా, "మా అమ్మకి జున్నంటే ప్రాణం" అని మొదలుపెట్టాడు.

"అవ్వ కాదు నాయనా," అన్నాను. "దూడ కుడిచిందని అవ్వకి చెప్పింది నేను. కుడవలేదు. నేను చూడలేదు కూడా. లతావాళ్లింటికి జున్ను తీసుకుపోవాలని అబద్ధం చెప్పాను."

నాయన చెంచా గిన్నెలో పెట్టేశాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడితే బాగుండుననుకున్నాను. "కుడిచిందా అని నిన్ను అడిగిందా మా అమ్మ?" అన్నాడు.

"రెండుసార్లు అడిగింది నాయనా."

"రెండు తూర్లా," అన్నాడు. గిన్నె పక్కకి జరిపాడు. చెప్తే బరువు దిగుతుందంటారు. నాది దిగలేదు, పైగా ఎనభై మూడేళ్ల మనిషి నెత్తిన సగం పెట్టాను. తల్లిని అన్న మాట, ఆమె బతికున్నన్నాళ్లూ వెనక్కి తీసుకోని మాట, అంతా ఆయన మొహంలోకి ఒక్కసారిగా వచ్చింది. పలమనేరులో ఉన్న తన చెల్లెలికి, మా సరోజత్తకి ఫోన్ కలపమన్నాడు. అమ్మ గురించి ఆ కథ ఆమెకి కూడా తనే చెప్పాడట, ఆమె పిల్లలకి కూడా చెప్పాడట. అక్కడ పొద్దున. కలిపి ఇచ్చాను.

"సరోజా, ఆ జున్ను సంగతి... దాంట్లో అమ్మ తప్పేం లేదంట మే" అన్నాడు. అత్త అవతల ఏదో అడిగింది. మరి ఎవరిది అని అడిగినట్టుంది. నాయన నా వైపు చూశాడు. ఒక్క క్షణమే, ఆ రోజు అవ్వ చూసినట్టే.

"ఎవరిదో ఒకరిదిలే" అన్నాడు.

నేను చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాను.